గాలిమోటరుకు హారతి

అప్పట్లో మరాఠీ దేశపు అంచున, నది ఒడ్డున ఉన్న మా సిరొంచలో తలెత్తి ఆకాశం వైపు చూడటానికి రెండే కారణాలుండేవి. వాన పడుతుందా అన్నది ఒకటి, ఆరబోసిన ఇప్పపువ్వు ఎత్తాలా వద్దా అన్నది ఇంకొకటి (ఆలోచిస్తే రెండూ ఒకటే). ఆ పైనుంచి మనుషులు పోతారని, పోయినవాళ్ళు మధ్యాహ్నం భోజనానికి మళ్ళీ కిందికి దిగుతారని ఎవరైనా చెబితే, పోనీలే, మన ఇప్పపువ్వు మీద దిగకపోతే చాలు అనుకునేవాళ్ళం. ఇప్పటి పిల్లలకు ఏం చూపించినా ఆశ్చర్యం లేదు. మాకు అన్నీ ఆశ్చర్యమే, కాకపోతే నోరు తెరుచుకుని కూర్చునే తీరిక లేదు; నోరు తెరిచినవాళ్ళకు వెంటనే ఏదో ఒక పని చెప్పేవాళ్ళు. నేను బడికి పోయింది మూడో తరగతి వరకే. మిగతాదంతా పొయ్యి దగ్గర, విస్తర్లు కుట్టే చాప మీద నేర్చుకున్నాను. అందుకని ఇందులో ఎక్కడైనా అక్షరం తప్పు పోతే చదివేవాళ్ళు సర్దుకోవాలి. అన్నంలో రాయి తగిలితే తీసి పక్కన పెట్టుకుంటాం గానీ కంచం తోసేసి లేవం కదా.

మా నాన్నను బాపు అని, ఆయన తమ్ముడిని కాక అని పిలిచేదాన్ని. కాకకు మిలిటరీలో ఉద్యోగం, అదీ విమానాల దగ్గర. హైదరాబాదు అవతల ఎక్కడో పడుచువాళ్ళకు జెట్ విమానం నడపడం నేర్పే చోటు ఉందట, అక్కడ. విమానాన్ని మా వైపు గాలిమోటరు అనేవాళ్ళం. కాక సెలవు మీద వచ్చినప్పుడు "గాలిమోటర్ల దగ్గర పని చేస్తున్న" అని మాత్రమే చెప్పేవాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఊరే ఆయన్ను తీసుకెళ్ళి గాలిమోటరులో కూర్చోబెట్టింది, చేతికి పగ్గాలు కూడా ఇచ్చింది. కాక అవుననలేదు, కాదనలేదు, మీసం సవరించుకుని ఊరుకున్నాడు. ఇక ఆయన నది ఒడ్డున పడవ దిగితే చాలు, పిల్లలు మా ఇంటి దాకా వెంట పరుగెత్తేవాళ్ళు. అరుగుల మీది ముసలివాళ్ళు కూడా "రా గాలిమోటరు, కూసో" అని జరిగి చోటిచ్చేవాళ్ళు. నేనైతే బడిలో, మా కాక మబ్బులను చేత్తో పక్కకు జరిపి తోవ చేసుకుంటాడని చెప్పాను. ఎవరూ సాక్ష్యం అడగలేదు.

అలాంటి ఒక సెలవులోనే కాకకు సంబంధం చూశారు. పిల్లది నదికి అవతల చెన్నూరు. నిజానికి చూసింది పెద్దవాళ్ళు కాదు, కాకే చూసుకున్నాడు. అంతకుముందు సెలవుకు వచ్చినప్పుడు పడవలో నీళ్ళు ఊరుతుంటే, ఆ పిల్ల ఒక్కతే డబ్బాతో తోడిపోస్తూ ఉందట. మగవాళ్ళంతా కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారట. కాసేపు చూసి, ఆమె ఆ డబ్బాను తీసుకొచ్చి యూనిఫాం వేసుకున్న మా కాక చేతిలో పెట్టి, తన చోటికి వెళ్ళి కూర్చుందట. కాక అవతలి ఒడ్డు వచ్చేదాకా నీళ్ళు తోడాడు. ఆ తర్వాత ఇంకెవరి సంబంధం చెప్పినా ఆయన చెవికి ఎక్కలేదు. మా వీధి చివర బట్టల దుకాణం చాచా ఉండేవాడు. చెన్నూరు అంగడికి బట్టలు తీసుకుపోవడం, వచ్చేటప్పుడు సంబంధాలు తీసుకురావడం ఆయనకు అలవాటు. ఈ సంబంధం ఆయన చేతిలోనే పెట్టారు.

ఒక సాయంత్రం చాచా వచ్చి మా నాయనమ్మ ముందు కూర్చుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు (టోపీ తీస్తే వార్త బాగాలేదని మాకు తెలుసు).

"పిల్లకు ఇష్టమే అమ్మా, తల్లికి ఇష్టమే. బాప్ ఒక్కడే పరేషాన్ అయితుండు. గాలిల తిరిగేటోనికి నా బిడ్డనెట్ల ఇస్త అంటుండు."

"మరి నేల మీద తిరిగేటోళ్ళు చస్తలేరా?" అంది నాయనమ్మ.

"నేనూ గదే అన్న. చస్తే నేల మీద పడి ఉంటరు గదా, గాలిల చస్తే ఏడ ఎతుకుతం అన్నడు. జుమ్మా రోజు వస్తడట. ఆఖరి మాట చెప్పిపోతడట."

నాయనమ్మ ఆలోచించింది. మా ఇంట్లో బాపు కూడా ఉండేవాడు గానీ, ఆయన ఆలోచించాల్సిన అవసరం నాయనమ్మ ఎప్పుడూ రానివ్వలేదు. "మనిషికి చూడనిదంటేనే భయం. ఆ గాలిమోటరు ఎట్లుంటదో చూపిస్తే పోతది" అంది. అప్పుడు కాక లేచి తన ట్రంకు పెట్టె తెరిచి, బట్టల అడుగు నుంచి ఒక అట్టపెట్టె తీశాడు. వాళ్ళకు నేర్పే సారు ఒకాయన ఇంగ్లీషు సీమ నుంచి తెప్పించుకుని, చేసే ఓపిక లేక కాకకు ఇచ్చేశాడట. అట్టపెట్టె మీద రంగుల బొమ్మ, లోపల బూడిద రంగు ముక్కలు. ముక్కలన్నీ సన్నటి పుల్లలతో జాలీలా కలిసిపోయి ఉన్నాయి. మా దగ్గర అప్పటికి ప్లాస్టిక్ అనే మాట లేదు. దువ్వెనలు, బొమ్మలు చేసే అలాంటి సరుకును మరాఠీవాళ్ళను చూసి మేమూ కచకడా అనేవాళ్ళం. ఆ ముక్కలు విరిచి అంటిస్తే, కాక దగ్గరుండే జెట్ విమానమే జానెడంత అవుతుందట.

విరవడం కాక వల్ల కాలేదు. పానాలు పట్టిన చేతులు; ఒక చక్రం వేళ్ళ మధ్య నుంచి ఎగిరి రోట్లో పడింది. పక్కనే కూర్చుని నేను మోదుగాకు విస్తర్లు కుడుతున్నాను. సన్నటి పుల్ల ఆకును చింపకుండా గుచ్చి, విరిచి, మళ్ళీ గుచ్చే పని. నాయనమ్మ నా వేళ్ళకేసి, కాక వేళ్ళకేసి చూసి, "ఓ పిల్లా, ఆకులు తర్వాత. మీ కాక పని జూడు" అంది. అలా నేను విమానం కట్టడానికి కూర్చున్నాను. నాయనమ్మ అడకత్తెరతో ముక్కలు కత్తిరించాను. అంచులు కత్తి నూరే రాయి మీద రుద్దాను. కాక కాగితం చూసి ఏది ఎక్కడో చెబితే నేను అతికించేదాన్ని. ఆ బంక వాసన మాత్రం ఘోరం. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వీధిలో పోయే ఒకామె ఆగి, "మీ ఇంట్ల ఎవరన్న తాగిండ్రా?" అని మర్యాదగానే అడిగిపోయింది. ఖాళీ అయిన జాలీ పుల్లలను నాయనమ్మ పారేయనివ్వలేదు. ఏరుకుని, లంగాలకు నాడా ఎక్కించడానికి ఉంచుకుంది. సీమ సరుకు అంత బాగా పనికొచ్చింది అదొక్కటే అని ఆమె చాలా ఏళ్ళు చెప్పుకుంది.

ఆ విమానం ఆకారం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ముందు గుండ్రటి డొప్ప, రెండు రెక్కలు, ఒక్కో రెక్క నుంచి వెనక్కి ఒక్కో పొడుగాటి కాడ, ఆ రెండింటికీ కలిపి ఒక తోక. నాయనమ్మ తిప్పి చూసి, "ఎడ్లబండిని ఎనుకకు తిప్పి కట్టిండ్రు" అని తేల్చేసింది. ముక్కులో బరువు పెట్టకపోతే అది తోక మీద కూలబడుతోంది. కాగితంలో కూడా బరువు పెట్టమనే ఉందట. నాయనమ్మ చింతగింజలు ఇచ్చింది, చాలలేదు. చివరికి పాత చేపల వల నుంచి సీసం గుండు ఒకటి తీసి పెడితే ముక్కు దించింది. డొప్పలో రెండు సీట్లు పక్కపక్కన ఉన్నాయి. వాటిలో కూర్చోబెట్టడానికి వేలి గోరంత మనుషులు ఇద్దరు.

"ఒకడు నడిపేటోడు, ఇంకోడెవడు?" అంది నాయనమ్మ.

"ఇది నేర్చుకునే గాలిమోటరమ్మా. ఒకడు పంతులు, ఒకడు నేర్చుకునేటోడు. ఇద్దరి చేతికీ పగ్గాలుంటయి. వీడు తప్పు జేస్తే ఆయన సరిజేస్తడు."

"అంటే బడే. మరి పైన పంతులు కొడితే పిలగాడు ఎటు ఉరుకుతడు?"

కాక బంక గొట్టం మూత వెతుక్కున్నాడు. నాయనమ్మ లోపలికి వెళ్ళాక నేను ఆ గోరంత మనుషుల్ని పుల్ల కొనతో పట్టుకుని, "కాకా, ఇందుల నువ్వేది?" అని అడిగాను. కాక కాగితం మడిచాడు. మళ్ళీ విప్పాడు. అప్పటికే నాకు ఒక సంగతి వింతగా తోస్తోంది: చక్రాల గురించి అడిగితే కాక గాలి ఎంత, రబ్బరు ఎంత మందం, దిగినప్పుడు ఎంత వేడెక్కుతుంది అని పొద్దు గూకేదాకా చెప్పేవాడు, పైనుంచి మన నది ఎట్ల కనిపిస్తది అంటే మాత్రం దాహమేస్తుందని లేచిపోయేవాడు.

"ఇందుల నేను లేనే" అన్నాడు మెల్లగా. "నేను కింద ఉంట. చక్రాలు, నూనె, బోల్టులు చూస్త. అన్ని మంచిగున్నయని నేను చెయ్యెత్తితేనే వాళ్ళు పోతరు. ఎక్కుడైతే ఇంకా ఎక్కలే. ఈసారి పోయినంక ఒకరోజు పక్క సీట్ల కూసోవెడ్త అన్నడు మా సారు. అట్ల కూసోవెడ్తరు, మా వాళ్ళు ఒకరిద్దరు పోయొచ్చిండ్రు." ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం నేను అంతకుముందు చూసిన ముఖం కాదు.

"మరి గదే చెప్పరాదా? నువ్వు ఎక్కవని తెలిస్తే వాళ్ళు పిల్లనిస్తరు గదా" అన్నాను. నాకు అంతకంటే తేలిక లెక్క కనిపించలేదు.

"చెప్తే ఊరంత నవ్వుతదే. నేను పడవ దిగంగనే పిల్లలు ఉరికొస్తరు సూడు... గది వోతది. నువ్వు జర చెప్పకు" అన్నాడు. నేనెందుకు చెబుతాను? మబ్బులు జరిపింది నా నోరే కదా. ఇద్దరం ఒకే పడవలో ఉన్నాం, తోడిపోయడానికి డబ్బా కూడా లేదు.

శుక్రవారం వచ్చింది. మా ఇంట్లో కొత్త బండి ఏది వచ్చినా పసుపు కుంకుమ పెట్టి, హారతి ఇవ్వకుండా ఎవరికీ చూపించరు. బాపు సైకిలుకు ఇచ్చారు, ఇప్పపువ్వు మోసే బండికి ఇచ్చారు. గాలిమోటరు చిన్నదైనంత మాత్రాన పద్ధతి తప్పుతుందా? ముగ్గు వేసి, పీట మీద విమానాన్ని పెట్టి, ముక్కుకు బొట్టు పెట్టారు. కర్పూరం విషయంలో నాయనమ్మ చేయి ఎంత గట్టిదంటే, పండుగ నాడు కూడా కందిగింజంత బిళ్ళ పెట్టి "దేవునికి కండ్లు మంచిగ కనవడ్తయి" అనేది. ఆ రోజు మాత్రం సంబంధం మాట కదా అని పెద్ద గడ్డ పెట్టింది. ఆమె జన్మలో చేసిన దుబారా అదొక్కటే. హారతి అమ్మ తిప్పుతుండగానే చాచా వెంట పిల్ల తండ్రి, ఆ చెన్నూరు పెద్దమనిషి, గుమ్మంలోకి వచ్చాడు. లోపల హారతి చూసి చెప్పులు వదిలి, చేతులు జోడించి, భక్తిగా కళ్ళు మూసుకున్నాడు. ఆయన్ను చూసి అందరూ మూసుకున్నారు. అమ్మ పళ్ళెం తిప్పడం అయ్యాక పీట పక్కన, సరిగ్గా కుడి రెక్క కింద పెట్టి, తనూ దండం పెట్టుకుంది.

కళ్ళు తెరిచి ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. మొదట రెక్క కొస కొంచెం మెరిసింది. తర్వాత, తడిసిన కోడి రెక్క దించినట్టు మెల్లగా కిందికి వంగడం మొదలుపెట్టింది. నేను కాక చొక్కా లాగాను. కాక కళ్ళు తెరిచి, వంగి కర్పూరం ఊదబోయాడు.

"హారతి ఊదుతర్రా?" అంది నాయనమ్మ, కళ్ళు తెరవకుండానే.

"అమ్మా, పీట జర పక్కకు జరుపుత."

"హారతి కొండెక్కే దాక బండిని కదుపరు. నిలువు."

ఇక చేసేదేముంది? అందరూ కళ్ళు తెరిచారు. అందరికీ కనిపిస్తోంది. అయినా హారతిని నోటితో ఊదినవాడు మా వంశంలో లేడు. చాచా ఊదవచ్చు గానీ, పరాయి ఇంటి పూజలో వేలు పెట్టడం మర్యాద కాదని ఆయన టోపీ సవరించుకుంటూ గోడకేసి చూశాడు. నాయనమ్మ పెట్టిన గడ్డ ఎంతకీ అయిపోదు. చేతులు జోడించుకుని నిలబడి, అతిథితో సహా ఇంటిల్లిపాదీ ఒక గాలిమోటరు రెక్క పీట అంచు మీదికి వాలిపోవడాన్ని చివరిదాకా చూశాం. కర్పూరం కొండెక్కాక నాయనమ్మ కళ్ళకద్దుకుని, "ఇగ కూసోండ్రి" అంది.

పెద్దమనిషి కూర్చోలేదు. "గిదేనా అది?" అన్నాడు.

"గదే. చిన్న నమూనా" అన్నాడు చాచా గొంతు తగ్గించి.

"కర్పూరానికే గిట్లయింది. సూర్యుని దిక్కు వోతే ఎట్లయితది?"

"గిది కచకడాది మామా" అన్నాడు కాక తొందరలో. మామా అనే వరస ఇంకా కుదరలేదని నాయనమ్మ చూపు చెప్పింది. "పెద్దయ్యా" అని దిద్దుకున్నాడు. "అసలుది గట్టిగుంటది. రెక్కలు రేకువి. ముంగటి డొప్ప ఒక్కటే కర్రది."

"కర్రదా?"

"టేకా?" అంది నాయనమ్మ. మా ఊరివాళ్ళకు కర్ర అనగానే వచ్చే ప్రశ్న అదొక్కటే.

"కాదమ్మా. ఏదో సీమ కర్ర. పల్చటి పొరలు చేసి ఒకదాని మీద ఒకటి అంటిస్తరు."

పెద్దమనిషి పీట పక్కనున్న బంక గొట్టం కేసి చూశాడు. "దీనితోనేనా?" అన్నాడు.

"మా అడవి టేకంత ఇంగ్లీషోళ్ళు నదిల తేల్చి కొండవోయిరి" అంది నాయనమ్మ ఎవరితోనూ కాకుండా. "గాలిమోటరుకు మాత్రం పొరల కర్ర వెట్టుకున్నరు."

పెద్దమనిషి గొడుగు అందుకున్నాడు. "అమ్మా, ఇల్లు మంచిది, పిలగాడు మంచోడు. నాకొక్కతే బిడ్డ. పడవ వోతది, నేను పోత" అన్నాడు. చాచా "జర నిలువుండ్రి" అంటున్నాడు గానీ ఆయన ఒక చెప్పు వేసుకున్నాడు కూడా. వీధిలో అప్పటికే సగం వాడ మూగింది. గాలిమోటరును చూద్దామని వచ్చిన మా బడి పిల్లలు కిటికీ పట్టుకుని వేలాడుతున్నారు. కాక నాకేసి చూశాడు. నేను తల దించుకున్నాను. చెప్పమని గానీ వద్దని గానీ నేను ఎలా అంటాను?

"నేను నడుపను" అన్నాడు కాక. కిటికీ దాకా వినిపించేంత గట్టిగానే అన్నాడు. "నాకు నడుపుడు రాదు. నేను ఎన్నడూ ఎక్కలే. కింద ఉండి చక్రాలల్ల గాలి చూస్త."

వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దమనిషి రెండో చెప్పు వేసుకోలేదు. "ఎక్కరా?"

"ఎక్క."

"ఇగ మీదట కూడ?"

అక్కడ అబద్ధం చెబితే ఎవరికీ తెలిసేది కాదు, నాకు తప్ప. "ఒకరోజు పక్క సీట్ల కూసోవెడ్తమన్నరు" అన్నాడు.

"కూసోనని మాటియ్యాలె." ఆయన చేయి చాపాడు.

ఆ పీట మీద, వంగిన రెక్క పక్కన, నేను పుల్ల కొనతో కూర్చోబెట్టిన ఇద్దరు గోరంత మనుషులూ చెక్కుచెదరకుండా ఉన్నారు. కాక కాసేపు వాళ్ళనే చూసి, ఆయన చేతిలో చేయి వేశాడు. అప్పుడు పెద్దమనిషి చెప్పు విడిచి లోపలికి వచ్చి కూర్చుని, "వదినా, జర మంచినీళ్ళు ఇప్పియ్యుండ్రి" అన్నాడు. అంతవరకు అమ్మా అన్నవాడు వదినా అన్నాడంటే ఇక చెప్పేదేముంది? నాయనమ్మ నీళ్ళకు బదులు చక్కెర తెమ్మంది. చాచా టోపీ పెట్టుకున్నాడు.

ఊరు ఊరుకోలేదు. గాలిమోటరు కాక కాస్తా గాలి కొట్టే కాక అయ్యాడు. ఒకాయన సైకిలు కూడా తోలుకొచ్చాడు. కాక నవ్వుతూ దానికి గాలి కొట్టి పంపించాడు. బడిలో మబ్బుల సంగతి నన్నూ అడిగారు, కానీ ఆ ఏడే నా బడి మానిపించడం వల్ల పెద్దగా నష్టపోలేదు. పెళ్ళయి కాకి (కాక పెళ్ళాన్ని అలాగే అనేవాళ్ళం) మా ఇంటికి వచ్చాక ఒకరోజు చిక్కుడుకాయలు ఒలుస్తూ కాక మాటిచ్చిన సంగతి నా నోటి నుంచే వింది. ఒలిచే చేయి ఆపి, "భయం మా బాపుకు గదా, నాకున్నదా? నన్నొక్క మాట అడిగిండ్రా?" అంది. కాకను పిలిచి, పోయి కూర్చొమ్మంది. కాక మాటంటే మాటే అన్నాడు. ఉద్యోగం అయిపోయేదాకా ఎక్కలేదు. ముసలితనంలో ఒకసారి నేనడిగాను, మనసుకు కష్టమనిపించేదా అని. "వాళ్ళు ఎగిరిపోయినంక సప్పుడు ఆగుతది సూడు, అప్పుడు జర అనిపిస్తుండె" అన్నాడు. "మళ్ళ దిగినంక చక్రాలు వేడిగ ఉంటయి. ఇగ పనుంటది."

ఆ పెద్దమనిషిని నేను చాలాకాలం తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే ఆయన పద్ధతి మాత్రం పట్టుకున్నాను. వరద నీళ్ళలో ఈదనని మా ఇంటాయన దగ్గర, అడవి డిపోలో రాత్రి కాపలాకు పోనని మా పెద్దకొడుకు దగ్గర, ఇంకా ఎవరెవరి దగ్గరో ఏమేమిటో, చేతిలో చేయి వేయించుకున్నాను. అందరూ ఇచ్చారు. చేయి వేసే ముందు ఎవరు ఏం చూస్తూ ఆగారో నేను చూడలేదు. అహేరిలో ఉద్యోగం చేసే నా మనవరాలు స్కూటరు మీద ఆ అడవి రోడ్డున రానని మాటిచ్చింది. మొన్న ఆదివారం వచ్చింది. బస్సులు బందని పొద్దుటి నుంచి వీధిలో చెప్పుకుంటున్నారు. పిల్ల జుట్టంతా వెనక్కి ఎగిరి ఉంది, కనుబొమ్మల నిండా ఎర్రదుమ్ము, ముఖం వెలిగిపోతోంది. "బస్సుల మంది మస్తుండెనా?" అన్నాను. "మస్తుండె నాయనమ్మా, నిలువుటానికి జాగ లేదు" అంది. చెంబుతో నీళ్ళిచ్చి, ముఖం కడుక్కునేదాకా నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను.